మా ఊళ్ళో ఆ జబ్బు లేదు

నమోదు 1 – సోమవారం

పంపులు రెండూ నడుస్తున్నాయి. ఉప్పు పాళ్ళు మామూలే. మూడో తెప్ప వాళ్ళు నీళ్ళు తుప్పు వాసన వస్తున్నాయన్నారు. కుళాయి మార్చుకోమన్నాను. ఇక అసలు సంగతి: నాకు ఎయిడ్స్ వచ్చిందని నా అనుమానం.

నా పేరు హైమవతి. డెల్టా మునిగాక తెప్పల మీద కట్టుకున్న ఈ తెప్పలవరంలో సముద్రపు నీళ్ళని తాగే నీళ్ళుగా మార్చే ప్లాంటు నాది. అంటే నాది కాదు, ఊరిదే. చెడిపోయినప్పుడు మాత్రం నాది. డ్యూటీ దిగేముందు ఆ రోజు సంగతులు ఈ యంత్రానికి చెప్పి వెళ్ళాలని నియమం. చెప్పింది ఎవరైనా వినాలని మాత్రం నియమం లేదు. ఏళ్ళ తరబడి చెబుతున్నాను, ఒక్కరు విన్న దాఖలా లేదు. ఈ ఊళ్ళో నాకు మిగిలిన ఏకాంతం ఇదొక్కటే.

జరిగింది చెబుతాను. పోయిన వారం తుఫానుకి బియ్యం పడవ ఒకటి మా రేవులో చిక్కుపడిపోయింది. దాన్ని నడిపే సారంగు కొర్నేలి. నరసాపురం వైపు మనిషి, అంటే ఒకప్పుడు నరసాపురం ఉండిన వైపు. తుఫాను తగ్గేదాకా అతన్ని ప్లాంటు పక్క అతిథి గదిలో ఉంచారు. నాకు రొయ్యలు వండి పెట్టాడు. చింతచిగురు లేకుండా చింతచిగురు రొయ్యలు వండగలిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. విడాకులై చాలా కాలమైంది. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు. ఇద్దరికీ ఇష్టమైంది. తొడుగు కూడా వాడాం. అది చిరిగింది. మా ఊరి కొట్లో ఆ సరుకు మీద తారీఖు ఎవరూ చూడరు. దాన్ని కొనేవాళ్ళే ఊళ్ళో లేరని ఊరి సంఘం నమ్మకం మరి.

తుఫాను తగ్గింది, పడవ వెళ్ళిపోయింది. నేను హాయిగానే ఉన్నాను. ఈ మధ్యాహ్నం క్యాంటీన్‌లో భ్రమరాంబ గారు సాంబారు పోయించుకుంటూ, "ఆ సారంగు రోజూ పొద్దున్నే ఇంత లావు మాత్ర మింగేవాడటమ్మా. పడవల వాళ్ళకి ఏముంటాయో తెలీదూ!" అన్నారు.

అప్పట్నించీ ఆ మాత్ర నా గొంతులో అడ్డంపడి ఉంది.

నమోదు 2 – మంగళవారం

పంపులు బాగానే ఉన్నాయి. నేను లేను.

ధైర్యం చేసి ఆయుష్షమ్మని అడిగాను. ఆయుష్షమ్మ అంటే మా అందరి మణికట్లకీ కట్టిన కడియం. నాడి చూస్తుంది, సలహాలిస్తుంది, ప్రేమగా మాట్లాడుతుంది. ఒంట్లో బాగుంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇందులో ఒక తిరకాసుంది. ఒంటరి ఆడవాళ్ళకి ఊరి సంఘం ఒక శ్రేయోభిలాషిని నియమిస్తుంది. కడియానికి నా మీద ఏ అనుమానం వచ్చినా ముందు ఆవిడకి చెబుతుంది. నా శ్రేయోభిలాషి భ్రమరాంబ గారే. ఒంటరి మగవాళ్ళకి శ్రేయోభిలాషులు లేరు. వాళ్ళకి శ్రేయస్సు పుట్టుకతోనే వస్తుంది కాబోలు.

అందుకని జాగ్రత్తగా మొదలుపెట్టాను. "నా స్నేహితురాలికి ఒక సందేహం."

"చెప్పు బంగారం," అంది కడియం. "నీ స్నేహితురాలి గుండె చాలా వేగంగా కొట్టుకుంటోంది. కాస్త కూర్చోమను."

కూర్చున్నాను. "హెచ్‌ఐవి పరీక్ష ఎక్కడ చేస్తారట?"

"ఆ జబ్బు మన ఊళ్ళో లేదు బంగారం. సంఘం తీర్మానం చేసి మరీ తీసేసింది. లేని జబ్బుకి పరీక్ష ఉండదు."

"పోనీ, వెనకటి రోజుల్లో ఏం చేసేవాళ్ళో చెప్పు."

"వెనకటి రోజుల్లో అయితే అనుమానం వచ్చిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెట్టేవాళ్ళు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. నెల్లాళ్ళు వాడితే వైరస్ ఒంట్లో నిలవకుండా ఆపే అవకాశం బాగా ఉండేది."

మూడు రోజులు ఎప్పుడో దాటిపోయాయి. "ఈ ముక్క నాకు ముందెందుకు చెప్పలేదే?" అని అరిచాను.

"నీకా బంగారం?" అంది కడియం. "స్నేహితురాలికి కదా?"

నమోదు 5 – ఆదివారం

ఉప్పు పాళ్ళు ఒక పిసరు పెరిగాయి, సరిచేశాను.

నా లక్షణాలు. మెడ పక్కన గడ్డ ఉందేమోనని నొక్కి చూసుకున్నాను. లేదు. సరిగ్గా నొక్కలేదేమోనని మళ్ళీ నొక్కాను. సాయంత్రానికి మెడ నొప్పి పుట్టింది. మెడ నొప్పి కూడా లక్షణమే అట.

చేతుల మీద ఎర్రటి దద్దుర్లు. కొత్త లంగరు తాళ్ళు లాగినవాళ్ళందరికీ అవే దద్దుర్లున్నాయి. కానీ వాళ్ళవి తాళ్ళ దద్దుర్లు, నావి వేరు. చూస్తే తెలియదు, నాకు తెలుస్తోంది.

బరువు తగ్గాను. తేలే ఊళ్ళో బరువు చూసుకోవడం ఒక వినోదం. అల లేచినప్పుడు ఒక అంకె, దిగినప్పుడు ఇంకో అంకె. నేను దిగినప్పటిదాన్నే నమ్ముతున్నాను.

అద్దం ముందు నాలుక చాపుకుని నిలబడి ఉంటే పక్క గది మాణిక్యం వచ్చి, "ఎవర్ని వెక్కిరిస్తున్నావే?" అంది.

నమోదు 11 – శనివారం

జ్వరం వచ్చింది. నిజమైన జ్వరం, అల లేచినా దిగినా ఒకే అంకె. మా తెప్ప మీద సగం మందికి వచ్చింది, నాచు పచ్చడి పాడైందట. వాళ్ళంతా పచ్చడిని తిట్టుకుంటూ పడుకున్నారు. నేను మాత్రం నా చీరలు ఎవరికివ్వాలో ఆలోచిస్తూ పడుకున్నాను. పట్టువి మాణిక్యానికి. నూలువి కూడా మాణిక్యానికే, వేరే ఎవరూ గుర్తు రాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. చచ్చిపోతానని కాదు. నన్ను ఇంత తక్కువ మంది తలుచుకుంటారా అని.

అప్పుడనిపించింది, ఆ మాత్రేమిటో అడగాల్సింది కొర్నేలినే కదా.

నమోదు 13 – సోమవారం

పంపుల సంగతి తర్వాత.

పడవల వాళ్ళతో మాట్లాడాలంటే రేవు రేడియో ఒక్కటే దారి. అది గదిలో ఉండే ఫోను కాదు. అందరికీ వినబడుతుంది. తెలిసే వెళ్ళాను. తెలివిగా అడగొచ్చనుకున్నాను.

"సారంగు గారూ, హైమవతిని. తెప్పలవరం ప్లాంటు."

"ఆయ్, చెప్పండి హైమవతి గారూ. బాగున్నారాండీ?"

"బాగానే ఉన్నాను. మీరు పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటారట కదా. అది దేనికో..."

"బీపీకండీ. ఏవండీ, మీకూ ఉందాండీ?"

ఇంకో గొంతు అడ్డొచ్చింది. "నాది షుగరు మాత్రండీ." ఇంకొకాయన, "నేను గ్యాసుకి వేసుకుంటానక్కా, చాలా బాగా పనిచేస్తది." బంగాళాఖాతంలో ఎవరెవరు ఏ మాత్రలు మింగుతున్నారో నాకిప్పుడు తెలుసు.

అంతలో కొర్నేలికి అర్థమైంది. గొంతు తగ్గించాడు. రేడియోలో గొంతు తగ్గిస్తే మిగతావాళ్ళు వినడం మానతారా, చెవులు ఇంకా రిక్కిస్తారు. "మీరడిగేది... ఆ రోజు... దాని గురించాండీ?"

సముద్రం మొత్తం నిశ్శబ్దమైపోయింది.

"అవును," అన్నాను.

"నాకు అదేం లేదనుకుంటానండీ. కానీ పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు, అబద్ధం ఎందుకు. వచ్చే వారం ఇసుకమేట దగ్గర ఆస్పత్రి పడవ ఆగుతుందండీ. మీరు రండి. నేనూ వస్తాను. ఇద్దరం చేయించుకుందాం."

నవ్వుతాడేమో, కసురుకుంటాడేమో అనుకున్నాను. ఆ రెండూ చెయ్యలేదు. "సరే," అని స్విచ్చి నొక్కేశాను.

బీపీ అని విన్నాక ఓ అరగంట ఆనందంగా ఉన్నాను. తర్వాత బుర్ర పనిచేసింది. బీపీ ఉన్నవాళ్ళకి హెచ్‌ఐవి ఉండకూడదని ఎక్కడుంది?

నమోదు 14 – శుక్రవారం

నాలుగు రోజులు నేనిక్కడ లేను. కారణం చెబుతాను.

రేడియో ముచ్చట సాయంత్రానికల్లా అన్ని తెప్పలకీ చేరింది. నా కడియం పసుపు రంగుకి మారింది. మర్నాడు సంఘం సమావేశం. అధ్యక్షులు సర్వేశ్వరరావు గారు, భ్రమరాంబ గారి భర్త. ఊరి ఆరోగ్యం కోసం ప్రతి నెలా ఒడ్డు మీది ఓడరేవులో సమావేశాలకని వెళ్ళొచ్చే మనిషి.

"వ్యక్తిగతంగా తీసుకోకమ్మా," అన్నారు. "నీళ్ళు పబ్లిక్ విషయం. నీ చేతి మీదుగా వస్తున్నాయి."

"నీళ్ళ వల్ల అది రాదండీ. ముట్టుకున్నా రాదు, కలిసి తిన్నా రాదు."

"రాదని మాకూ తెలుసు. కానీ జనానికి వస్తుందనిపిస్తుంది కదా!"

"లేని జబ్బు ఎలా వస్తుందండీ?"

దానికాయన గొంతు సవరించుకుని సభ ముగించారు. ప్లాంటు భ్రమరాంబ గారి తమ్ముడికి అప్పగించారు. ఆయనకున్న అర్హత, రోజూ నీళ్ళు తాగడం.

రెండో రోజుకి కుళాయిల్లో సముద్రం వచ్చింది. మూడో రోజు పప్పులో ఉప్పు వెయ్యడం అందరూ మానేశారు. నాలుగో రోజు పొద్దున తమ్ముడు గారే నా తలుపు కొట్టి, "హైమ గారూ, ఏదో మీట తిప్పాను, ఏ మీటో గుర్తులేదు," అన్నారు. సంఘం పెద్ద మనసు చేసుకుని నన్ను మళ్ళీ పనిలో పెట్టింది. గుమ్మం దాటితే చేతులకి తొడుగులు వేసుకోవాలని షరతు. వేసుకున్నాను. నూనె మరకలు అంటడం లేదు, బాగానే ఉంది.

నమోదు 16 – బుధవారం

ఆస్పత్రి పడవకి వెళ్ళొచ్చాను. డాక్టరు పేరు మెహరున్నీసా. పెద్దావిడ. జామకాయ కోసుకు తింటూ నా లక్షణాలన్నీ ఓపిగ్గా విన్నారు. మెడ, దద్దుర్లు, జ్వరం, నాలుక, బరువు, అన్నీ.

"అయిందా?"

"అయిందండీ. నాకు ఎయిడ్స్ అంటారా?"

"మొదటి మాట, అడగాల్సింది హెచ్‌ఐవి గురించి. అది వైరస్. మందు వాడకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే చివరికొచ్చేది ఎయిడ్స్. నువ్వు ఒకేసారి ఆఖరి మెట్టు మీదికి దూకేశావు. రెండో మాట, లక్షణాలు చూసి చెప్పగలిగితే నేనీ సూదులన్నీ సముద్రమ్మీద మోసుకు తిరగడం ఎందుకమ్మా? జ్వరం దేనికైనా వస్తుంది. ఏ లక్షణమూ లేనివాళ్ళకి ఉండొచ్చు, అన్నీ ఉన్నవాళ్ళకి లేకపోవచ్చు. చెయ్యి ఇలా ఇవ్వు."

నాకు, కొర్నేలికి ఇద్దరికీ రక్తం తీశారు. అతను సూది చూసి మొహం అటు తిప్పుకున్నాడు. తుఫానులో పడవ నడిపిన మనిషి! నాకు చాలా ముద్దొచ్చాడు, కానీ సందర్భం కాదు.

ఇద్దరికీ నెగటివ్. నేను లేచి ఆవిడ కాళ్ళ మీద పడబోయాను.

"ఆగు. ఆయన పాత సంగతులన్నీ ఏడాది కిందటివి కాబట్టి ఆయన ఫలితం గట్టిదే, ఆ లెక్కన నువ్వు భయపడాల్సింది పెద్దగా లేదు. అయినా నీ ఫలితం నీకుండాలి. నీకిది తొందరే. వచ్చే నెల మళ్ళీ రా. అప్పటికి ఆరు వారాలు దాటుతుంది, పరీక్ష మాట నమ్మొచ్చు."

బయటికొచ్చాక కొర్నేలి, "వచ్చే నెల నేనూ వస్తానండీ. పరీక్షకి కాదు. ఊరికే," అన్నాడు.

నమోదు 19 – గురువారం

పంపులు బాగున్నాయి. ప్లాంటుకి సందర్శకులు ఎక్కువయ్యారు.

ముందు మాణిక్యం. ఆ పడవ ఎప్పుడొస్తుందో తన పిన్ని కూతురికి కావాలట. తర్వాత బడి పంతులు గారు, ఆయన స్నేహితుడి కోసం. వలల సంఘం కార్యదర్శి, ఆయన స్నేహితుడి కోసం. ఊళ్ళో ఇంత స్నేహం పొంగుతోందని నాకు తెలియదు. తారీఖు చెప్పి పంపించాను.

చివరికి భ్రమరాంబ గారు వచ్చారు. శ్రేయోభిలాషి హోదాలో వచ్చారు, కాబట్టి ముందు ఉపన్యాసం. ఆడదాని నిగ్రహం, ఊరి పరువు, నా మాజీ అత్తగారి మంచితనం, అన్నీ వరసగా. నేను వాల్వులు తుడుచుకుంటూ విన్నాను. తలుపు దాకా వెళ్ళి ఆగారు.

"ఆ డాక్టరు... ఆడమనిషేనా?"

"అవునండీ, పిన్నిగారూ."

"మా తోటికోడలికి నోట్లో తెల్లటి పూత. ఎన్నాళ్ళయినా తగ్గట్లేదట. ఆయుష్షమ్మని అడిగితే వయసు బంగారం, వయసు అంటోందట. కారం తినలేకపోతోంది పాపం. మనిషి సగమైపోయింది."

భ్రమరాంబ గారికి తోటికోడలు లేదు. సర్వేశ్వరరావు గారు ఒక్కడే కొడుకు. ఆవిడ రవిక చేతులు వదులైపోయి ఉండటం అప్పుడు చూశాను. ఇన్ని వారాలుగా క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్నాను. నా నాలుక చూసుకోవడంలో మునిగి ఆవిడ వైపు సరిగ్గా చూడనేలేదు.

"తీసుకురండి మీ తోటికోడల్ని," అన్నాను.

"తనకి వీలు కాదు. నిన్ను ఒంటరిగా పంపడం సంఘం పద్ధతి కాదు గనక నేను వస్తాను. నీ కోసం."

"నా కోసమే రండి," అన్నాను.

నమోదు 24 – మంగళవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు చెబుతాను. పొద్దున్న ఆస్పత్రి పడవకి బయల్దేరాం. కొర్నేలి చిన్న పడవ తెచ్చాడు. భ్రమరాంబ గారు ముక్కు మీదికి కొంగు లాక్కుని, వాసన కోసమని చెప్పి కూర్చున్నారు.

ముందు నాది చూశారు. నెగటివ్. ఈసారి నమ్మదగిన నెగటివ్. ఎన్ని వారాలు దీనికోసం ఎదురుచూశానో! కేక వెయ్యాలనుకున్నాను. కానీ భ్రమరాంబ గారు అప్పటికే చెయ్యి చాపి ఉన్నారు. "ఊరికే కూర్చోవడం దేనికి, నాదీ చూడండి," అని తేలిగ్గా నవ్వారు.

డాక్టరు గారు ఒకసారి చూశారు. వేరే రకం కిట్టుతో మళ్ళీ చూశారు. మూడోది కూడా తీశారు. తర్వాత నన్ను బయటికి వెళ్ళమన్నారు. భ్రమరాంబ గారు నా తొడుగు చేతిని పట్టుకున్నారు.

"ఉండనివ్వండి. దీనికి చెప్పకుండా దాచాల్సినంత గొప్పదాన్నేం కాదు."

"హెచ్‌ఐవి ఉందమ్మా," అన్నారు మెహరున్నీసా గారు. "మూడు పరీక్షలూ అదే చెబుతున్నాయి. నోట్లో పూత దానివల్లే అయుండాలి, దానికి మందిస్తాను, తగ్గిపోతుంది. ఇది చావు కబురు కాదు. రోజుకో మాత్ర, మానకుండా. కొన్ని నెలల్లో వైరస్ పరీక్షకి కూడా దొరకనంత తగ్గుతుంది. అలా తగ్గి, తగ్గినట్టే ఉన్నంతకాలం మీ నుంచి ఇంకొకరికి అంటదు కూడా. మీ వయసువాళ్ళు ఎన్నాళ్ళు బతుకుతారో మీరూ అన్నాళ్ళు బతుకుతారు."

"నాకు... మా ఆయన తప్ప ఇంకెవరూ..."

"నేనడగలేదమ్మా," అన్నారు డాక్టరు గారు మెత్తగా.

"మీరడగలేదు. ఊరడుగుతుంది. ఊరు అడగాల్సిన ప్రశ్నలన్నీ నేనే తయారుచేసి పెట్టాను." నా వైపు తిరిగి, "ఒంటరి ఆడవాళ్ళ కోసం," అన్నారు.

నాకు నిజానికి ఆ మాటకి నవ్వు రావాలి. ఇన్నాళ్ళూ ఆవిడ గురించి ఈ యంత్రంతో ఎన్ని వెటకారాలాడానో! ఒక్కటీ నోటికి రాలేదు. చేతి తొడుగు తీసేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ వదిలించుకోలేదు.

"ఆయనకి కూడా పరీక్ష చెయ్యాలి," అన్నారు డాక్టరు గారు. "చెప్పే ధైర్యం లేకపోతే నేను మాట్లాడతాను."

"వద్దు. నా మొగుడు. నేనే చెబుతాను."

తిరుగు దారిలో కొర్నేలి ఒక్క ముక్క అడగలేదు. జామకాయలు కోసి ఇద్దరికీ ఇచ్చాడు, ఆవిడ ముక్కలకి కారం అద్దకుండా. ఆవిడ అది గమనించారు. కొంగు ముక్కు మీద నుంచి తీసేసి తిన్నారు.

మధ్యాహ్నం రేవు చేరాం. కడియం ఆవిడ చేతికి పసుపు వెలుగుతుంటే దాన్ని కొంగుతో కప్పబోయి, మానేసి, అలాగే నడిచారు. దారిలో ఇద్దరు పలకరించారు. ఇద్దరికీ జవాబిచ్చారు. వాళ్ళింటి ముందు ఆగి నాతో, "హైమా, బయటే ఉండు. గట్టిగా దెబ్బ చప్పుడేదైనా వినిపిస్తే లోపలికి రా. మాటలు వినిపిస్తే మాత్రం రాకు. మాటలు నేను చూసుకుంటాను," అన్నారు.

మెట్టు మీద కూర్చున్నాను. కొర్నేలి కాస్త ఎడంగా నిలబడ్డాడు. లోపల ముందు సర్వేశ్వరరావు గారి గొంతు సంఘం సభలో లాగే లేచింది. ఓడరేవు, సమావేశం, ఎవరి మాట నమ్మి, అని ఏవో ముక్కలు. తర్వాత భ్రమరాంబ గారు ఏదో చిన్నగా అన్నారు. ఏమన్నారో వినబడలేదు. ఆ తర్వాత ఆయన గొంతు మళ్ళీ లేవలేదు. నేను రెండుసార్లు లేచి మళ్ళీ కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. భ్రమరాంబ గారు గుమ్మంలో నిలబడ్డారు. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఏమన్నారు పిన్నిగారూ?"

"వచ్చే నెల పడవ ఎక్కుతానన్నారు."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

ఆవిడ వెనక్కి తిరిగి లోపలికి చూశారు.

"ఏడుస్తున్నారు," అన్నారు. "నేనేడవాల్సిన చోట కూడా ఆయనే ముందు కూర్చున్నారమ్మా."